కోకిలగారి ఐదు నిమిషాల పద్ధతి

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఎంత పెద్దదనుకున్నారు, ఈ కొసన పెట్టిన దరఖాస్తు ఆ కొసకి చేరేసరికి పెట్టినవాడు పోయి వాడి కొడుక్కి పెళ్ళీడు వచ్చేంత పెద్ద అడవిలో, అప్పన్న అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు.

అప్పన్నది తొర్రల వ్యాపారం. గోరింకలకీ చిలకలకీ ఉడతలకీ కాపురాలుండడానికి చెట్లలో తొర్రలు చెక్కిపెట్టేవాడు. ఎవరేమిచ్చినా పుచ్చుకునేవాడు. చీమగుడ్లిచ్చినా సరే, చెదపురుగులిచ్చినా సరే.

అప్పన్నకో అలవాటుండేది. కొత్త చెట్టు మీద వాలగానే ముందు మూడంటే మూడు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "ఏం తల్లీ, చెక్కనిస్తావా?" అని అడిగినట్టన్నమాట. చెట్టు ఖంగుమంటే గట్టిది, బొద్దుమంటే లోపల డొల్ల. ఆ తరవాత ఇంక టకటకటకటక, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా. ఆ చప్పుడు అడవికి ఎంత పాతబడిపోయిందంటే, అది వినబడుతోందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. తొర్ర కావలసినవాళ్ళు మటుకు చప్పుడొచ్చిన దిక్కుగా ఎగురుకుంటూ వచ్చి, "అప్పన్నా, మాకొకటి" అనేవాళ్ళు. "వరసలో ఉండండి" అనేవాడు అప్పన్న, తల తిప్పకుండానే. అదే వాడి వ్యాపారం, అంతే వాడి మాట.

ఆ ఏడు భరణి కార్తెలో వాడి పెళ్ళాం నూకాలు ఒక మాట చెప్పింది.

"ఏమయ్యా, ఊళ్ళోవాళ్ళ తొర్రలు సరే. మన తొర్ర మాటేమిటి? పోయినేడు లోతు చాలక వాన లోపలికి కొట్టి రెండు గుడ్లు కుళ్ళిపోయాయి. ఈసారి మూడు పెట్టేలా ఉన్నాను. మృగశిర చినుకు పడేలోగా మూరెడు లోతు కావాలి. తరవాత నీ ఇష్టం."

అప్పన్నకి పోయినేటి గుడ్లు గుర్తున్నాయి. ఆ రెండింటినీ ముక్కుతో బయటికి తోసింది తనే. ఆ రోజు ఇద్దరూ తిండి తినలేదు. అందుకని ఆ సాయంత్రమే ఏటి ఒడ్డున మద్దిచెట్టు చూసి, మూడు దెబ్బలు కొట్టి, జానెడు లోతు చెక్కేశాడు. ఇంకో జానెడు. ఎంతసేపు, ఒక్క రోజు పని.

సరిగ్గా అప్పుడే అడవికి వాళ్ళ మీద దయ కలిగింది.

ఆ అడవికి ఒక సభ ఉంది. సభకి అధ్యక్షుడు గుడ్లగూబ. సమావేశాలన్నీ పగలే జరుగుతాయి, అధ్యక్షులవారు పగలల్లా నిద్రపోతారు. "నిద్ర కాదు, దీర్ఘాలోచన" అని పక్కనున్నవాళ్ళు చెబుతారు. చీకటి పడగానే కళ్ళు తెరిచి, "ఆమోదించాం" అంటారు. ఏం ఆమోదించారో వారికీ తెలియదు, మనకీ తెలియదు. అడవి మాత్రం అలాగే నడిచిపోతోంది.

ఆ సభలో ఒకరోజు కోకిల వసంతరావు గారు లేచి నిలబడ్డారు.

వసంతరావు గారంటే మాటలా! వారి గొంతుకి మావిడిపళ్ళే చెట్టు మీద మెత్తబడతాయని చెప్పుకునేవారు. అయితే వారు బుద్ధెరిగాక ఒక పుల్ల తీసి ఇంకో పుల్ల మీద పెట్టిన పాపాన పోలేదు. వారి నాన్నగారూ అంతే, తాతగారూ అంతే. ఆ వంశంలో గుడ్డు పెట్టడం వరకే వాళ్ళ పని. గూడు కట్టడం, పొదగడం, పిల్లల్ని మేపడం, ఇవన్నీ కాకులు చూసుకునేవి. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు, కాకులకి తప్ప.

"చిరువ్యాపారులారా!" అన్నారు వసంతరావు గారు. "మీ బాధ చూసి చూసి నా కళ్ళిలా ఎర్రబడిపోయాయి."

ఆ కళ్ళు పుట్టుకతోనే ఎరుపు. అయినా సభలో చాలామంది ముక్కులు చీదుకున్నారు.

"మీరు రోజంతా పని చేస్తున్నారు. ఎంత ఘోరం! పనిలో పడిపోయి, పని చేస్తున్నామని నలుగురికీ చెప్పుకునే తీరిక లేకుండా పోయింది మీకు. దీన్ని మార్కెటింగ్ లోపం అంటారు."

"ఎవరంటారు?" అని అడిగింది కాకి సూరమ్మ. సూరమ్మది కబుర్ల వ్యాపారం. ఎవరింటికి చుట్టాలొస్తున్నా ముందే వెళ్ళి గుమ్మం ముందు అరిచి చెప్పేది.

"నేనంటాను," అన్నారు వసంతరావు గారు. "మీరేం కంగారుపడకండి. మీలాంటి తీరిక లేనివాళ్ళ కోసం ప్రచారమంతా సులభం చేసి పెట్టాను. ఐదే ఐదు నిమిషాల పద్ధతి! రోజుకి ఐదు నిమిషాలు ఇలా పారేస్తే, మిగతా రోజంతా గిరాకీ దానంతటదే వచ్చి మీ కొమ్మ మీద వాలుతుంది."

అప్పన్న లెక్క వేసుకున్నాడు. ఐదు నిమిషాలంటే ఒక చీమలబారు తినేంతసేపు. పోతే పోయింది, పెద్దాయన చెబుతున్నాడు కదా అనుకుని ముక్కుతో ఆకు మీద గాటు పెట్టి చేరిపోయాడు. సూరమ్మ చేరింది, ఆవిడ వెనకే ఇంటికొక కాకి చేరింది. గిజిగాడు చేరాడు. మొత్తం అరవై మంది చేరారు. చీకటి పడ్డాక అధ్యక్షులవారు కళ్ళు తెరిచి "ఆమోదించాం" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అప్పన్న అన్నిటికన్నా ఎత్తయిన కొమ్మెక్కి, "తొర్రలు చెక్కబడును" అని ఐదు నిమిషాలు అరిచాడు. వడ్రంగిపిట్ట గొంతు ఎలా ఉంటుందో తెలుసు కదా, గొంతులో గులకరాయి ఇరుక్కున్నట్టు. అయినా సరే, అరిచాడు. దిగివచ్చి మద్దిచెట్టు మీద వాలి ఒక్క దెబ్బ వేశాడో లేదో, వసంతరావు గారు వచ్చి పక్కన వాలారు.

"శుభాకాంక్షలు చెప్పావా?"

"ఏం శుభాకాంక్షలండీ?"

"ఇవాళ తాచుపాము కుబుసం విడిచిన రోజు. వ్యాపారస్తుడన్నాక ప్రతివాడి మంచీ చెడ్డా చూడాలి. వెళ్ళి ఇంటింటికీ శుభాకాంక్షలు చెప్పిరా. ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాలూ పొద్దున్నే అయిపోయాయి కదండీ."

"పిచ్చివాడా! ఆ ఐదు నిమిషాలు వేరు, ఈ ఐదు నిమిషాలు వేరు."

పామింటికెళ్ళి శుభాకాంక్షలు చెప్పి ప్రాణాలతో తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి చిరువ్యాపారుల గుంపు చింతచెట్టు మీద కూడింది. గుంపులో ఒక్కొక్కరూ తమ వ్యాపారం గురించి ఐదేసి నిమిషాలు చెప్పుకోవాలి. ఐదు నిమిషాలే! అరవై మంది. గిజిగాడు తన గూళ్ళ గొప్ప సాలీడుకి చెప్పాడు, సాలీడు తన దారం గొప్ప గిజిగాడికి చెప్పింది. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివాడి సరుకు అక్కర్లేదు. అయినా ఒకరి మాటకి ఒకరు రెక్కలు కొట్టాలని నియమం. కొట్టారు. కొనేవాళ్ళెవరూ ఆ చెట్టు దరిదాపులకి రాలేదు. వాళ్ళకేం పట్టింది?

తరవాత ఫ్లెక్సీ వచ్చింది. అడవిలో ఫ్లెక్సీ అంటే టేకాకు. ఆకుపురుగు కూర్చుని బొమ్మ వచ్చేలా ఆకుని కొరికిపెడుతుంది. పైన పెద్దగా అధ్యక్షులవారి ముఖం, దాని కింద ఇంచుమించు అంతే పెద్దగా వసంతరావు గారు, ఇంక అడుగున మూలకి, కాడ దగ్గర, చీమంత అప్పన్న. తొర్ర బొమ్మకి చోటు చాలలేదు. సాయంత్రానికి ఆకుపురుగుకి మళ్ళీ ఆకలేసి అందరి ముఖాలూ తినేసేది. అందుకని రోజుకో కొత్త ఆకు కోసుకొచ్చి కట్టాలి. ఎంతసేపు? ఐదు నిమిషాలు!

ఇవన్నీ ఒక ఎత్తు. వారం తిరిగేసరికి వసంతరావు గారు ఇంకో మాట అన్నారు.

"అప్పన్నా, నీ టకటక ఉంది చూశావూ, అదే నీ కొంప ముంచుతోంది."

"పనండీ అది."

"ఏం పని? మోటు చప్పుడు. అది వింటే నిన్ను కూలివాడనుకుంటారు. నువ్వు కూలివాడివా? తొర్రల సంస్థాపకుడివి! పైగా అధ్యక్షులవారి ఆలోచనకి భంగం. ఇవాళ్టినుంచి ప్రచార వేళల్లో కొట్టుడు బంద్."

ప్రచార వేళలంటే పొద్దు పొడిచింది మొదలు గుంపు లేచేదాకా. గుంపు లేచాక మిగిలే కాస్త పొద్దులో రేపటి ఆకు కోసుకోవాలి, ఇవాళ్టి ప్రచారం మీద నివేదిక రాయాలి. అలా భరణి కార్తె పోయి కృత్తిక వచ్చింది. మద్దిచెట్టు మీద తొర్ర జానెడు దగ్గరే ఉండిపోయింది.

గిరాకీ సంగతేమిటంటారా? ఒకరోజు గోరింక దంపతులు ఎదురుపడ్డారు. నాలుగేళ్ళుగా అప్పన్న దగ్గరే తొర్రలు చెక్కించుకుంటున్నవాళ్ళు.

"అప్పన్నా, చూశాంలే నీ ఫ్లెక్సీలు!" అన్నాడు మగ గోరింక కన్నుగీటి. "మా ఇంట్లో రెండు ఓట్లూ నీకే."

"ఓట్లేమిటి?"

"దాస్తావెందుకయ్యా! అధ్యక్షులవారి బొమ్మ కింద నీ బొమ్మ. పొద్దున్నే కొమ్మెక్కి కేకలు. పామింటికెళ్ళి మరీ శుభాకాంక్షలు. ఏ పదవికి నిలబడుతున్నావో చెప్పెయ్."

"నేను తొర్రలు చెక్కుతానండీ!"

"చెక్కేవాడివి," అంది ఆడ గోరింక దిగులుగా. "ఇప్పుడు పెద్దవాడివైపోయావు. నీ చప్పుడు విని పదిహేను రోజులైంది. మా తొర్రకి ఇంకెవరినో చూసుకోవాలి. ఎవరైనా ఉంటే నువ్వే చెప్పు బాబూ, నీకు పుణ్యముంటుంది."

అప్పన్నకి అడవంతా అదే అనుకుంటోందని తరవాత తెలిసింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆ సాయంత్రం నూకాలు జానెడు తొర్రలో కూర్చుని చూసింది. తోక బయటికొచ్చింది. దిగి, మొగుడి ముందు నిలబడింది.

"రోహిణి రెండు రోజుల్లో వస్తోంది. రోహిణి వెళితే మృగశిర. నా కడుపులో గుడ్లకి నీ ఐదు నిమిషాలు తెలియవయ్యా. అవి ఆగవు."

"రేపు వెళ్ళి అడుగుతానే. ఇంకా సులభం చెయ్యమని అడుగుతాను."

"అడుగు," అంది నూకాలు. "చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?"

అడిగాడు. వసంతరావు గారు సంతోషంతో పొంగిపోయారు. "నాకు తెలుసు! పద్ధతి నీకు అలవాటు కాక కష్టంగా ఉంది. దీన్ని సులభం చెయ్యడానికి వారపు పట్టిక తయారు చేశాను. ఏ ఐదు నిమిషాల తరవాత ఏ ఐదు నిమిషాలో అందులో ఉంటుంది." పట్టిక చదవడం ఎవరికీ రాలేదు. అందుకని పట్టిక చదవడమెలాగో నేర్పే క్లాసు పెట్టారు. క్లాసుకి రానివాళ్ళు ఎందుకు రాలేదో నివేదిక ఇవ్వాలన్నారు. నివేదిక ఇవ్వడం కన్నా క్లాసుకి పోవడమే నయమని అందరూ క్లాసుకే పోయారు.

అప్పన్న ఎందుకు మానెయ్యలేదని అడుగుతారు మీరు. వాడికీ తెలియదు. ఇన్నాళ్ళు చేసింది వృథా పోతుందని ఒక భయం. అందరూ చేస్తున్నారు, మనమొక్కళ్ళం మానేస్తే వెనకబడిపోతామేమోనని ఇంకో భయం. పైగా, చెప్పకేం, ఆకు మీద చీమంత ఉన్నా తన బొమ్మని చూసుకుంటే వాడికి ముచ్చటగానే ఉండేది. ముక్కు అరిగేలా పదేళ్ళు చెక్కినా ఎవడూ వాడి బొమ్మ కొరకలేదు మరి.

రోహిణిలో రోళ్ళు పగిలాయి. ఆఖరి రోజుకి పడమట మబ్బు పట్టింది. ఆ రోజే సభలో అప్పన్నకి సన్మానం. అరవై మందిలో ఎక్కువ నివేదికలిచ్చింది వాడేనట. "ఉత్తమ ప్రచార వ్యాపారి" బిరుదు, నార శాలువా.

"ఇవాళ వెళ్ళకయ్యా," అంది నూకాలు. గొంతులో కోపం లేదు, అందుకే అప్పన్నకి భయమేసింది. "నాకు కడుపులో బరువుగా ఉంది. ఇవాళో రేపో."

"గంటలో వచ్చేస్తానే. సన్మానం కదా, వెళ్ళకపోతే బాగుండదు."

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత," అంది నూకాలు. మద్దిచెట్టు వైపు తిరిగి కూర్చుంది.

సన్మానం పొద్దున్నే అన్నారు. అధ్యక్షులవారు ఆలోచనలో ఉండడం వల్ల మొదలుకాలేదు. వారు ఎంతకీ లేవకపోతే, వారి ఆలోచన మధ్యలోనే మొదలుపెట్టారు. సభంతా కిటకిటలాడిపోతోంది. గోరింకలు వచ్చారు, చిలకలు వచ్చాయి, ఉడతలు పిల్లల్నేసుకుని వచ్చాయి. వానాకాలం ముంచుకొచ్చింది, తొర్రల్లేవు, సభలో ఏమైనా తేలుస్తారేమోనని వాళ్ళ ఆశ. అప్పన్న వేదిక మీద ఎత్తు కొమ్మన కూర్చున్నాడు. మెడలో శాలువా. అది గుచ్చుకుంటోంది.

"మిత్రులారా," అని వసంతరావు గారు గొంతెత్తారు. "ఈ అప్పన్నని చూడండి! నెలన్నర కిందట ఇతనెవరో ఎవరికైనా తెలుసా? ఇవాళ ఇతని పేరు తెలియనివాళ్ళు ఉన్నారా? తొర్ర అంటే అప్పన్న, అప్పన్న అంటే..."

టక్. టక్. టక్.

ఏటి ఒడ్డు వైపునుంచి మూడు దెబ్బలు వినబడ్డాయి. తరవాత టకటకటకటక.

గోరింకామె తల పైకెత్తింది. ఆవిడ కళ్ళు వెలిగిపోయాయి.

"అప్పన్న!" అని అరిచింది. "అడుగో అప్పన్న! పని మొదలెట్టాడు!"

"పదండి పదండి, వరసలో ముందుండాలి!" అంది చిలక.

సభ మొత్తం ఒక్కసారి లేచింది. రెక్కల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. అందరూ అప్పన్న తల మీంచీ, చెవుల పక్కనించీ, ఏటి ఒడ్డుకి ఎగిరిపోయారు. ఒక ఉడత వాడి తోక తొక్కి "కాస్త తప్పుకోవయ్యా, అవతల అప్పన్న దగ్గరికి వెళ్ళాలి" అని మరీ వెళ్ళింది.

"నేనిక్కడే ఉన్నానర్రా!" అని అరిచాడు అప్పన్న.

గులకరాయి గొంతు. ఎవడు వింటాడు?

వేదిక మీద వసంతరావు గారూ, అధ్యక్షులవారూ, అప్పన్నా మిగిలారు. అధ్యక్షులవారు ఆలోచిస్తూనే ఉన్నారు. వసంతరావు గారు ఖాళీ కొమ్మలకేసి చూసి, "చూశావా, పద్ధతి పనిచేసింది" అన్నారు.

అప్పన్న ఆ మాట పూర్తిగా వినలేదు. ఆ మూడు దెబ్బలు ఎవరివో వాడికి తెలిసింది. చెట్టుని అడగడం అడవిలో వాడు కాక ఇంకొకరికే వచ్చు. ఎందుకంటే నేర్పింది వాడే, పెళ్ళయిన కొత్తలో. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. శాలువాతోనే ఎగిరాడు.

మద్దిచెట్టు చుట్టూ కొమ్మకొమ్మకీ జనం. మధ్యలో నూకాలు. నిండు కడుపుతో కాండానికి అతుక్కుని, కళ్ళు మూసుకుని, తల వెనక్కి విసిరి విసిరి కొడుతోంది. ముక్కు కొన చిట్లింది. అంగుళం దిగితే రెండు గుక్కలు ఆయాసపడుతోంది, మళ్ళీ కొడుతోంది. అప్పన్నకి ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాడు.

నూకాలు కళ్ళు తెరిచి మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది.

"శాలువా బావుంది," అంది. "గుడ్ల కింద పరుచుకోవడానికి పనికొస్తుంది, ఇలా పడెయ్."

అప్పన్న పడేశాడు. ఆవిణ్ణి పక్కకి జరిపి తలొంచి మొదలెట్టాడు. చినుకులు మొదలయ్యాయి. వాడు ఆగలేదు. ముక్కలు ఎగురుతూంటే ఉడతలు ఎత్తి బయట పారేశాయి. చీకటి పడేసరికి మూరెడు దిగింది. జడివాన పట్టేసరికి నూకాలు లోపల శాలువా మీద కూర్చుంది. తెల్లారేసరికి మూడు గుడ్లు. ఒక్క చుక్క లోపలికి పడలేదు.

వానలో గోరింకలు తడుస్తూనే, "అప్పన్నా, తరవాత మాదే" అన్నాయి.

"వరసలో ఉండండి," అన్నాడు అప్పన్న. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో!

నాలుగు రోజుల తరవాత, గుడ్లు పొదిగే వంతు అప్పన్నదైనప్పుడు, నూకాలు పక్క చెట్టు మీద గోరింకల తొర్ర పని చూస్తూండగా వసంతరావు గారు వచ్చారు. నిలువునా తడిసి ముద్దయ్యారు. వెనకాల వారి భార్య చైత్రమ్మ గారు, నిండు నెలల మనిషి.

"అప్పన్న గారూ," అన్నారు వసంతరావు గారు. ఆ "గారు" విని అప్పన్న తొర్రలోంచి తల బయటపెట్టాడు. "ఒక తొర్ర కావాలండీ. కాస్త అర్జంటు."

"మీకు తొర్రెందుకండీ?" అంది నూకాలు. "మీ వంశంలో గూడు అలవాటు లేదు కదా."

వసంతరావు గారు నీళ్ళు నమిలారు. చైత్రమ్మ గారు నమల్లేదు.

"అడవంతా తిరిగాను తల్లీ! నలభై కాకి సంసారాలు, ఒక్క గూడు లేదు! ఒక్క పుల్ల లేదు! ఏమ్మా కట్టుకోలేదూ అంటే, 'తీరిక లేదండీ, ప్రచారముంది' అంటోంది ప్రతి కాకీ. శుభాకాంక్షలట, ఆకులట, పట్టికలట! కాకులకి ఈ రోగం ఎవడు తగిలించాడో వాడి నాలిక తెగ! ఇప్పుడు నేనెక్కడ పెట్టను?"

వసంతరావు గారు ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు చూశారు.

"మీ వరస నలభై ఏడు," అంది నూకాలు. "శ్రావణంలో రండి."

"అమ్మా, త్వరగా అయ్యే దారేదైనా... ఒక ఐదు నిమిషాల్లో..."

"ఐదు నిమిషాలా? ఉందండీ, లేకేం!" నూకాలు ముక్కు తుడుచుకుని ఎదురు కొమ్మ చూపించింది. "అదిగో, అక్కడ కూర్చుని 'ఇక్కడ తొర్ర ఉంది, తొర్ర ఉంది' అని ఐదు నిమిషాలు చెప్పండి. అందరూ నమ్మాక అందులో పెట్టేసుకోండి."

గోరింకలు పొట్టలు పట్టుకుని నవ్వాయి. చైత్రమ్మ గారు మొగుడికేసి ఒక్క చూపు చూశారు. ఆ చూపుకి ఆయన కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి.

అవతల సభలో మాత్రం పద్ధతి బ్రహ్మాండంగా జయప్రదమైనట్టు నివేదిక చదివారు. గూళ్ళు కట్టడం వంటి కాలహరణ పనులు అడవిలో బాగా తగ్గాయన్నారు. చీకటి పడ్డాక అధ్యక్షులవారు లేచి, ఇంకో ఏడాదికి ఆమోదించారు.

మర్నాడు వాన వెలిసింది. అప్పన్న తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తే, చింతచెట్టు మీద కాకి సూరమ్మ తీరిగ్గా కూర్చుని ఉంది. ఎదురుగా వసంతరావు గారు నోట్లో పుల్లతో ఎగురుకుంటూ వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి, ఆయాసపడుతూ ఇంకోదానికి పోతున్నారు.

"అది వంకర పుల్లండీ," అంటోంది సూరమ్మ. "తిన్నదొకటి తీసుకురండి. వేపపుల్లయితే మరీ మంచిది, పురుగు పట్టదు."

వసంతరావు గారు వేపచెట్టు వెతుక్కుంటూ పోయారు. జీవితంలో మొదటిసారి చేస్తున్న పని అది. అప్పన్నకి జాలేసింది. వారి మీద కాదు, సూరమ్మ మీద.

"సూరమ్మక్కా!" అని పిలిచాడు. "ఒక సంగతి చెప్పాలి, ఏమీ అనుకోకు. ఆ పుల్లలు నీకోసం మోయడం లేదాయన. వాళ్ళావిడ నీ గూట్లో..."

"తెలుసురా అబ్బాయ్," అంది సూరమ్మ.

"తెలుసా?"

"మా అమ్మమ్మకీ తెలుసు. పొదిగేదానికి ఏ గుడ్డు ఎవరిదో తెలియదట్రా? పసిగుడ్డుని తోసెయ్యడానికి మనసొప్పక ఊరుకున్నాం, దానికి తెలివితక్కువవాళ్ళమని పేరు పెట్టారు." సూరమ్మ పుల్లని కాలితో సరిచేసుకుంది. "అయితే మా ఏడు తరాల్లో పుల్లలు మోసిపెట్టిన కోకిలని ఎవరూ చూడలేదు. పూర్తవనీ. ఇంటి మీద కప్పు పడ్డాక గుమ్మంలో ఎవరు కూర్చుంటారో అప్పుడు చూద్దాం. ఏమండీ వసంతరావు గారూ, ఇంకా రెండొందల పుల్లలు కావాలి, అలా కూర్చుండిపోతే ఎలా?"

"ఐదు నిమిషాలమ్మా," అన్నారు కింది కొమ్మ మీంచి వసంతరావు గారు, రొప్పుతూ.

అప్పన్న నవ్వుకుని లోపలికి జారి గుడ్ల మీద సర్దుకున్నాడు. పక్క చెట్టు మీంచి నూకాలు మూడు దెబ్బలు కొట్టింది. చెట్టు ఖంగుమంది.

నీతి: పక్కవాడి గూట్లో గుడ్డు పెట్టాలనుకునేవాడు ముందు పక్కవాణ్ణి గూడు కట్టుకోనివ్వాలి.